పుప్పొడిలో పుట్టిన నిమ్మ

చిక్కబళ్ళాపురం బయట ద్రాక్షతోటల మధ్య ఉన్న చిన్న టిష్యూ కల్చర్ ల్యాబులో నాకు ఉద్యోగం దొరికింది. అరటి మొక్కలను సీసాల్లో పెంచుతామంటే బాగేపల్లిలో మావాళ్లు నమ్మేవారు. కానీ మా మేడమ్ తలకెత్తుకున్న పని గురించి చెబితే నవ్వేవారు. చింతామణి వ్యాపారస్తుల ఇంటి ఆడపిల్ల ఆవిడ. విత్తనంతో పని లేకుండా, నిమ్మపువ్వు పుప్పొడి కణంలోంచే పిండాన్ని పుట్టించాలనుకున్నారు.

మామూలు మొక్కకు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది. పుప్పొడి కణంలో ఉండేది ఒక్క సగమే. దానితోనే మొక్క లేస్తే, తర్వాత ఆ సగాన్ని రెట్టింపు చేసి కల్తీ లేని రకం తీయొచ్చు. మామూలు పద్ధతిలో అయితే అలాంటి చెట్టు ఒక్కటి తీయడానికి ఒక మనిషి జీవితం చాలదు. ఇది నాకు తలకెక్కేదాకా ఆవిడ ఎన్నిసార్లు చెప్పారో, ఒక్కసారీ విసుక్కోలేదు.

మొగ్గలు చింతామణి దగ్గర ఒక పెద్దాయన తోటలో దొరికేవి. విచ్చిన పువ్వు పనికిరాదు కాబట్టి పొద్దున్నే వెళ్లి మూసుకున్న మొగ్గలే కోసేవాళ్లం.

"మొగ్గలన్నీ కోసేస్తే కాయ యాడొస్తాదమ్మా?" అంటూనే ఆయన కొమ్మ వంచి పట్టుకునేవాడు.

ల్యాబులో మొగ్గ విప్పి, పుప్పొడి తిత్తులను తీసి, జెల్లీలాంటి ఆహారం మీద పరిచి, చీకటి గదిలో పెట్టేవాళ్లం. చాలావరకు గోధుమరంగుకు తిరిగిపోయేవి. కొన్నిటికి బూజు పట్టేది.

రెండో ఏడు పూతలో కొన్ని మొలకలు లేచాయి. అందరం మిఠాయి పంచుకున్నాం. మేడమ్ మాత్రం వేరు కొసలు కోసి, క్రోమోజోములు లెక్కపెట్టారు. సగం కాదు, పూర్తిగా ఉన్నాయి. అంటే అవి తిత్తి గోడలోంచి వచ్చిన మామూలు మొక్కలే.

ల్యాబు యజమానికి వాటిని వదులుకోవడానికి మనసొప్పలేదు. "ఫోటోలు బాగుండాయి కదమ్మా, పేపరువాళ్లకు ఇద్దాం. ఎవరికి తెలస్తాది?"

"నాకు తెలుసు కదప్పా," అన్నారు మేడమ్. "కాదని తెలిసినాక ఎట్ల ఇచ్చేది?"

గొంతు పెంచలేదు. ఆ మధ్యాహ్నం ఆవిడ ఒక్కరే నిలబడి సీసాలు కడుగుతుంటే, నేనూ వెళ్లి పక్కన నిలబడి, కడిగినవి తుడిచి పెట్టాను.

మరుసటి పూతకు పద్ధతి మార్చారు. చలి తగిలితే పుప్పొడి పిండం వైపు మళ్లుతుందని, మొగ్గలను కొన్నాళ్లు ఫ్రిజ్‌లో ఉంచాం. ప్రతి కొమ్మ నుంచి ఒక మొగ్గ నలిపి మైక్రోస్కోపులో చూసి, పుప్పొడి సరైన వయసులో ఉంటేనే మిగతావి వాడాం. వానలు మొదలయ్యాక ఒక ఉదయం, ఒక తిత్తి పగిలి నూకగింజంత తెల్లటి ముద్ద కనిపించింది. పరుగెత్తి మేడమ్‌ను పిలిచాను. ఆవిడ మైక్రోస్కోపు మీద నుంచి చాలాసేపు తలెత్తలేదు.

"చూస్తాండావా? గుండె మాదిరి ఉండాది. పిండం ఎదిగేటప్పుడు ఇట్లే ఉంటాది," అన్నారు. "ఇప్పుడే ఎవరికీ చెప్పొద్దు."

ఆ ముద్దలోంచి కొన్ని మొలకలు లేచి వేరు వచ్చాక ఆవిడ క్రోమోజోములు లెక్కపెట్టారు. తన లెక్క చెప్పకుండా నాతోనూ లెక్కపెట్టించారు. బెంగళూరులో ఇంకో ల్యాబుకూ పంపారు. అందరికీ సగమే వచ్చింది. అప్పుడు కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తీసి, చీరకొంగుతో మొహం తుడుచుకున్నారు. మొదటి ఫోను తోట పెద్దాయనకే చేశారు.

ఆయన బస్సెక్కి వచ్చి సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"తల్లి లేకుండా పుట్టినాదా ఇది?"

"అవునప్పా. మీ చెట్టు పుప్పొడే."

"కాయలు కాస్తాదా?"

"చెప్పలేనప్పా. ఇట్లాటివి చాలామటుకు కాయవు."

ఆయన ఇంకాసేపు చూశాడు. "కాయకపోతే పోనీ. బాగా సాకండమ్మా," అన్నాడు.

మట్టిలోకి మార్చినప్పుడు మిగతా మొలకలన్నీ చచ్చిపోయాయి. వేరే నిమ్మ మొదలుకు అంటుకట్టిన ఒక్కటే నిలిచింది. ఇప్పుడు అది నీడవల కింద మోకాలెత్తు ఉంది, ఆకులు చిన్నవి. ఎవరైనా పొగడటానికి వస్తే, అది ఇంకా పూయలేదన్న మాటే మేడమ్ ముందుగా చెబుతారు. ఆ తర్వాతే సంబరంగా దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తారు.