మా అత్త సరే అనలేదు

పొద్దున్నే కొల్లాపూర్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది మా మేనత్త మరిది. "మీ అత్త పోయింది బిడ్డా, బాధ తీరింది" అన్నాడు. ఎవరి బాధో చెప్పలేదు. వనపర్తిలో బస్సెక్కాను.

నోరున్న మనిషి మా అత్త. మామ పోయాక, పిల్లల్లేని ఆమె మామిడి తోటను పట్టుకుని బతికింది. కాయ కొనే వ్యాపారులు ఆమె ముందు నోరెత్తడానికి జంకేవారు. చెట్ల కింద ఎవరైనా గొడవపడితే "లొల్లి జెయ్యకుండ్రి, పూత రాలుతది" అని కసిరేది. తను మాత్రం అక్కడే నిలబడి ఊరంతటినీ తిట్టేది. ఎండాకాలం మేం వెళ్తే మంచి కాయ మాకిచ్చి, మచ్చ పడ్డది తను తినేది. ఆ రుణం మేం తీర్చుకోలేనిది.

పోయినేడు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మరిది ఇంట్లోవాళ్లు ముందు పసరు మందుకు తీసుకెళ్లి, ఆ తర్వాత దవాఖానకు తెచ్చారు. అప్పటికే ఆలస్యమైంది. ఆమె నోట్లో ఒక్క మాటే మిగిలింది. నీళ్లు కావాలన్నా, నొప్పి పుట్టినా, కోపమొచ్చినా 'సరే' అనే వచ్చేది.

నాగర్‌కర్నూల్‌లో డాక్టరమ్మ స్కాన్ చూపించి మాకు విడమరిచి చెప్పింది. మెదడులో ఎడమవైపు ముందు, మాటను కూర్చి నోటికి అందించే చోటు దెబ్బతిందట. దాని వెనక, విన్నది అర్థం చేసుకునే చోటు చాలావరకు బాగుందట. "ఆమెకు అన్నీ తెలుస్తున్నయ్. ఆ సరే దానంతటదే వస్తది. దాన్ని పట్టుకొని ఏదీ తేల్చకండి" అంది. మరిది పక్కనే నిలబడి తలూపాడు.

అప్పట్నుంచి నేను ఏదైనా అడిగి నా వేలు అత్త ఎడమ చేతికి ఇచ్చేదాన్ని. అవునంటే గట్టిగా పట్టుకునేది. కాదంటే వేళ్లన్నీ చాచి వదిలేసేది. అలా ఎన్నో మాట్లాడుకున్నాం.

మా వైపు ఆస్తి సంగతైనా పెళ్లి సంగతైనా పెద్దల ముందు అడిగి, నోటితో సరే అనిపిస్తారు. ఆ మాట పడితే ఇక తిరుగులేదు. తోట కొట్టేసి ప్లాట్లు వేయాలని మరిదికి ఎప్పట్నుంచో ఉంది. అత్తకు నోరున్నన్నాళ్లూ ఆ ఊసెత్తలేదు. నోరు పడిపోయాక పెద్దల్ని పిలిచాడు.

"తోట తీసేద్దమా వదినా?"

"సరే" అంది అత్త. అంటూనే నా వేలు వదిలేసి చేయి చాచింది. కళ్ల వెంట నీళ్లు. నేను ఆ చేయి చూపించి డాక్టరమ్మ మాటలన్నీ చెప్పాను. పెద్దాయన ఓపిగ్గానే విన్నాడు.

"చేతి సంగతి మాకేం తెల్సు బిడ్డా. నోటితోటి సరే అన్నది, అందరం విన్నం" అన్నాడు.

మరిది నేలచూపులు చూశాడు. ఆయనకు మాత్రం తెలుసు. అందుకే ఆయన్ని నేను క్షమించలేను.

చెట్లు కొట్టిన రోజు రంపం చప్పుడు ఇంటిదాకా వినిపించింది. చెట్టు కూలినప్పుడల్లా అత్త మంచంలోంచి "సరే, సరే" అని అరిచింది. ముసలమ్మ తొందరపెడుతోందని కూలీలు నవ్వుకున్నారట.

నేను వెళ్లేసరికి ఇంటిముందు జనం ఉన్నారు. వచ్చినవాళ్లతో మరిది అంటున్నాడు, "ఆఖరుదాకా దేనికీ ఎదురు చెప్పలె మా వదిన. అన్నిటికీ సరే అన్నది." కొందరు కళ్లొత్తుకున్నారు. కప్పిన తెల్లబట్ట అంచులోంచి ఆమె ఎడమ చేయి బయటికొచ్చి ఉంది. ఎవరో లోపలికి సర్దబోతే వద్దన్నాను. వేళ్లన్నీ చాచి ఉన్నాయి.