కిటికీ ఉన్న గది

ఆ ఇంట్లో లేవగానే పొయ్యి వెలిగేది కాదు. ముందు ఫోను, తర్వాతే పొయ్యి. ఆయన మొహం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, ఓడ టికెట్ల కొట్టులో అమ్మాయికి ఫోను చేసేవాడు. "ఏమ్మా, ఏదన్నా మిగిలిందా?" ఆవిడ వంటగది గుమ్మంలో అగ్గిపెట్టె పట్టుకుని ఆయన మొహంలోకి చూసేది. మిగిలిందంటే ఇక వంటా లేదు, వార్పూ లేదు, పెట్టె పట్టుకుని రేవుకి పరుగే. లేదంటే ఆయన తల అడ్డంగా ఆడించి, "లేదట, వెలిగించు" అనేవాడు.

ఇప్పుడు లేచీ లేవగానే వెలిగిస్తుంది. వెలిగించమనేవాళ్ళూ లేరు, ఆగమనేవాళ్ళూ లేరు.

ఆయన బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. కుర్రతనంలో రేవులో ఒక షికారు ఓడని చూశాడట, ఒళ్ళంతా దీపాలతో. అప్పట్నించీ అదే పిచ్చి. అసలు ధరకి టికెట్టు కొనే తాహతు ఎక్కడిది? అయితే ఓడ బయల్దేరే ముందు గదులు మిగిలిపోతే అయినకాడికి ఇచ్చేస్తారని ఎవరో చెవిన వేశారు. "సాయంత్రం కూరలవాడి దగ్గర టమాటాలు మిగిలినట్టేనే. ఓడ కదిలిందా, ఖాళీ గది ఇంక ఎవరికీ పనికిరాదు" అని ఆయన ఆవిడకి పాఠం చెప్పాడు.

ఇక ఇల్లంతా ఆ లెక్కనే నడిచేది. ఏ పూట కూరలు ఆ పూటకే. బట్టలు నానబెట్టాలన్నా "ఏమండీ, నానబెట్టనా?" అని అడగాల్సిందే. మంచం కింద పెట్టె సర్దే ఉండేది. చలి మొదలవగానే అందులో స్వెట్టర్లు వేసేది, ఎండలు రాగానే తీసేది. "పోలీసులొస్తారని కాచుకున్న దొంగల్లా ఉన్నారేమిటమ్మా మొగుడూ పెళ్ళాలు!" అని పక్కింటావిడ నవ్వేది. ఫ్యాక్టరీలో ఆయన్ని కెప్టెన్ అని పిలిచేవాళ్ళు. దాంతో ఈవిడ వీధి వీధంతటికీ కెప్టెనమ్మ అయిపోయింది.

ఇంతా చేసి వెళ్ళింది రెండుసార్లు. రెండుసార్లూ ఓడ అడుగున, కిటికీ లేని గది. మిగిలేవి అవే కదా. దీపం ఆర్పితే కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. ఆయన ఊరుకునే రకమా? తువ్వాలు గోడకి తెరలా వేలాడదీసి, పొద్దున్నే దాన్ని పక్కకి జరిపి, "ఆహా, ఇవాళ సముద్రం సున్నం వేసినట్టుందోయ్!" అనేవాడు. ఆవిడ పగలబడి నవ్వేది. ఒకసారి నవ్వుతూనే, "లేవగానే నిజంగా నీళ్ళు కనబడితే ఎలా ఉంటుందండీ?" అంది. ఊరికే అన్న మాట. ఆయన పట్టుకున్నాడు.

"ఈసారి కిటికీయే. కిటికీ లేనిది ఊరికే ఇచ్చినా వద్దు."

కిటికీ గదులు మిగిలితే కదా! నిరుడు మాత్రం ఒకటి మిగిలింది. తీసేసుకుందామండీ అని ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. "ఉండవే, రేపటికి ధర ఇంకాస్త దిగుతుంది" అన్నాడు. తెల్లారేసరికి ఎవరో ఎగరేసుకుపోయారు. ఆ పూట ఆయనకి ముద్ద దిగలేదు. "వచ్చే ఏడు దిగినా దిగకపోయినా తీసుకుందాంలే" అన్నాడు. వచ్చే ఏడు వచ్చింది. మిషను కింద పడుకుని మరలు బిగిస్తున్న మనిషి బయటికి రాలేదు. కునుకు తీస్తున్నాడేమోనని కాలు పట్టి కదిపారట.

ఆయన ఫోనుకి ఆవిడ రోజూ ఛార్జింగు పెడుతోంది. ఎందుకో ఆవిడకే తెలీదు. ఒక పొద్దున అది మోగింది.

"కెప్టెన్ గారూ! ఏమైపోయారండీ, అలిగారా? ఈసారి కిటికీ మిగిలింది! కిటికీ! రేపు సాయంత్రమే ఓడ!"

ఆవిడ అగ్గిపెట్టె కింద పెట్టింది.

"ఆయన లేరమ్మా."

"అప్పుడే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయారా? మళ్ళీ చెయ్యనా?"

"కాదమ్మా. పోయారు."

అవతల ముక్కు ఎగబీల్చడం వినబడింది. "నాకు తెలీదాంటీ... నా నోరు పడిపోనూ... పెట్టేస్తానాంటీ."

"ఆగమ్మా. కిటికీయేనా? నీళ్ళు కనబడతాయా?"

"మంచం పక్కనే ఆంటీ. కానీ..." ఆ అమ్మాయి నీళ్ళు నమిలింది. "ఒక్కరొచ్చినా ఇద్దరి డబ్బూ కట్టాలి. గదికి ఇద్దరి లెక్క. తోడు ఎవరన్నా ఉంటే చూసుకోండి. మధ్యాహ్నంలోగా చెప్పెయ్యాలి."

ఆడపడుచు, అంటే ఆయన అక్క, కింది వాటాలోనే ఉంటుంది. సంగతి వినగానే బుగ్గలు నొక్కుకుంది.

"వాడు పోయి ఏడాదన్నా తిరక్కుండా షికారేమిటి మరదలా! నలుగురూ నవ్విపోరూ? పైగా ఇద్దరికీ కట్టి ఒక్కదానివే పోతావా? మా తమ్ముడే ఉంటే నెత్తి బాదుకునేవాడు!"

ఆడపడుచు కళ్ళజోడు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది.

"పోనీ, ఆ చోటు దండగ కావడమెందుకు. నేనొస్తాలే."

"ఇందాక నలుగురూ నవ్వుతారన్నారు?"

"ఇద్దరం పోతే నవ్వరు. పాపం, ఒకరినొకరు ఓదార్చుకుంటున్నారనుకుంటారు."

అచ్చం ఆయన వాలకమే. ముందు ససేమిరా అనడం, తర్వాత అందరికంటే ముందు చెప్పులేసుకోవడం. ఆవిడకి నవ్వొచ్చింది.

న్యాయంగా చూస్తే ఆడపడుచు మాటే సబబు. ఆమె రెండో మంచం మీద పడుకుంటుంది. నొప్పుల మందు రాసుకుంటుంది, జడపిన్నులు దిండు కింద పెట్టుకుంటుంది. పొద్దున్నే లేచి కిటికీలోంచి చూసి, "ఏముందే, అన్నీ నీళ్ళే" అంటుంది. ఆ మంచం మీద ఎవరు పడుకుంటే వాళ్ళదైపోతుంది. ఖాళీగా ఉంటేనే ఆయనది.

"వద్దు వదినా. మనిద్దరం ఇంకోసారి వెళ్దాం. ఇది ఆయనతో పోవాల్సింది. మీరు పక్కనుంటే నేను మీతోనే మాట్లాడాలి."

ఆడపడుచు మొహం ముడుచుకుంది. "నేను గురక పెడతాననేగా?" అంది.

"అదీ ఉంది."

"వాడు పెట్టేవాడు కాదేమిటే!"

"పెట్టేవారు" అంది ఆవిడ.

మధ్యాహ్నం కాకముందే ఆవిడ ఫోను చేసింది. రెండో చోటికి ఎవరి పేరు రాయమంటారని ఆ అమ్మాయి అడిగింది.

"ఎవరిదీ వద్దమ్మా. ఇద్దరికీ కడతాను. పక్క మాత్రం రెండు మంచాలకీ వేయించు."

ఇన్నాళ్ళూ ఆఖరి నిమిషం దాకా ఆగి ఆగి ఆయన మిగిల్చిందంతా ఆ ఖాళీ మంచానికి పోయింది. పోతే పోయింది.

మర్నాడు పెట్టె గుమ్మంలో పెట్టి, కిటికీ గొళ్ళాలు వేసి, గ్యాసు కట్టేసింది. తాళంచెవి తీసుకోవడానికి వచ్చిన ఆడపడుచు వంటగదిలోకి తొంగి చూసింది.

"అదేమిటే, తిన్న కంచం సింకులో అలాగే వదిలేశావు? ఉండు, నేను కడిగేస్తా."

"వద్దు వదినా, ఉండనీండి."

"ఎండిపోతుందే! పురుగు పుట్రా చేరతాయి!"

"చేరనీండి."

వెనక ఊరెళ్ళినప్పుడల్లా ఇల్లు అద్దంలా తుడిచి వెళ్ళేది. తిరిగొచ్చి తలుపు తియ్యగానే చిందరవందర చెయ్యడానికి ఇద్దరుండేవాళ్ళు. ఈసారి తలుపు తీసేసరికి లోపల తనకోసం ఏదో ఒక పనైనా ఉండకపోతే, గుమ్మం దాటి అడుగు పడుతుందో లేదో.

"నేను లేనప్పుడు వచ్చి కడగనని మాటివ్వండి."

"ఎంగిలి కంచానికి మాటేమిటే, పిచ్చిదానా!" అంటూనే ఆడపడుచు చెయ్యి చాచింది. ఆవిడ తలుపు లాగి, తాళం వేసి, చెవి ఆ చేతిలో పెట్టింది.