మల్లయ్య మామ పడవ మోటరు మొరాయించిన ఉదంతం

మా చిన్నప్పుడు మానేరు ఒడ్డున మల్లయ్య మామ పడవ మోటరు స్పృహ తప్పింది... ఆ దిగ్భ్రాంతి నుంచి మా కుటుంబం ఇప్పటికీ పూర్తిగా తేరుకోలేదు.

మామ అంటే మా అవ్వకు, అంటే అమ్మకు, అన్న. బోయినపల్లి దగ్గర వాళ్ల ఊరు. మానేటి మడుగులో చేపలు పట్టి బతికేవాడు. ఒక వానాకాలం జారిపడి కుడి భుజం విరిగింది. ఎముక అతికింది గానీ, గడ వేసి పడవను నెట్టే బలం ఆ చేతికి మళ్లీ రాలేదు... గడ నెట్టలేనివాడికి పడవ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

అటువంటి తరుణంలో మత్స్యశాఖ ఆఫీసు వారు దయతలచి, పడవ వెనుక తగిలించే చిన్న పెట్రోలు మోటరును పరీక్ష నిమిత్తం మామకు అప్పగించారు. షరతు ఒక్కటే. ఆఫీసు సారు వచ్చి చూసిన రోజున అది నడవాలి. నడిస్తే మామది... నడవకపోతే పక్క ఊరి వారిది.

తొలిరోజు ఒడ్డున ఉన్నవాళ్లు తాడు గుంజి లేపితే అది దివ్యంగా నడిచింది.

మరునాడు దానికి పూజ జరిగింది. మా ప్రాంతంలో సైకిలు మొదలుకొని రోడ్డు రోలరు వరకు ఏ యంత్రమైనా పసుపు కుంకుమ అందుకోకుండా విధుల్లో చేరడానికి వీల్లేదు. మామ భార్య లచ్చవ్వ అత్తమ్మ పసుపును ముద్దగా కలిపి, మోటరు నెత్తిన ఉన్న పెట్రోలు టాంకీ మూతకు నిండుగా పూసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టింది. మోటరుకు నొసలు ఎక్కడుంటుందన్న ప్రశ్నకు అంతకన్నా సరైన జవాబు ఎవరికీ తోచలేదు.

పూజానంతరం మోటరు మడుగు నడిమి దాకా వెళ్లింది... అక్కడ రెండుసార్లు దగ్గి, కన్ను మూసింది. మామ ఎడమచేత్తో నీళ్లు తోసుకుంటూ ఒడ్డుకు చేరాడు. దిష్టి తగిలిందని అత్తమ్మ మరో పొర పసుపు పూసింది.

కబురందగానే సిరిసిల్ల నుంచి మా నాన్న, అంటే మా బాపు, నన్ను వెంటబెట్టుకొని బయలుదేరాడు. బాపు సాంచాలు నడిపేవాడు. సాంచ అంటే మాకు మరమగ్గం. సాంచ మోటరును బాగుచేసినవాడికి లోకంలోని సమస్త మోటర్ల మీద అధికారం సంక్రమిస్తుందని సిరిసిల్లలో ఒక నమ్మకం ఉండేది... ముఖ్యంగా బాపుకు ఉండేది.

పరీక్షలు ప్రారంభమయ్యాయి. ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దారు. పొయ్యి దగ్గర పెట్టి వెచ్చబరిచారు. తాడు గుంజారు. కదలిక లేదు.

"మూత ఇప్పి లోపల సూడాలె" అన్నాడు బాపు.

అత్తమ్మ అడ్డం వచ్చి నిలబడింది. "బొట్టు చెరుపుతవా అన్నా? ముత్తైదువ నొసలు తుడిచినట్టు! ఊపి సూడు, పెట్రోలు సప్పుడు వస్తలేదా?"

ఊపారు. చప్పుడు వచ్చింది. ఆ మీదట మూత జోలికి ఎవరూ పోలేదు.

"గిది సాంచ గాదు బావా, దారం తెగితె ముడేసుడు గాదు" అన్నాడు మామ.

"నీ ముచ్చట్లు సాలు గని, వచ్చి తాడు గుంజు."

"గుంజే చెయ్యే ఉంటె నిన్నెందుకు పిలుస్తుంటి బావా..."

 అత్తమ్మ వెళ్లి ఇంకొంచెం పసుపు కలిపింది.

సారు రానే వచ్చాడు. మోటరును తీసుకుపోయే శుభసంకల్పంతో పక్క ఊరి వారు ఎడ్లబండితో సహా హాజరయ్యారు. బాపు చెమటలు కక్కుతూ తాడు గుంజాడు... గుంజాడు... మోటరు మౌనం వీడలేదు.

"నడుస్తలేదు గదయ్యా మల్లయ్యా. ఇగ వాళ్లకిస్త" అన్నాడు సారు.

మామ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకొని నిలబడ్డాడు.

అప్పుడు జరిగింది ఆ ఘోరం. అత్తమ్మ కొంగుచాటు నుంచి వేములవాడ తీర్థం సీసా తీసింది. "బొట్టు పోతె పోనీ... మనిషి బతకాలె!" అంటూ, ఎవరినీ ముట్టనివ్వని ఆ మూతను తన చేత్తోనే తిప్పి ఊడదీసింది. పెట్రోలులో తీర్థం పోయబోయింది.

"నీళ్లు పొయ్యకమ్మా!" అని సారు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

అదే క్షణంలో టాంకీ సుయ్‌మని గాలి పీల్చుకుంది... నీళ్లలో మునిగినవాడు పైకి తేలి ఊపిరి తీసుకున్నట్టు. బాపు బెదిరిపోయి, చేతిలో ఉన్న తాడును గుంజాడు.

మోటరు భర్రున లేచింది!

ఒడ్డున ఉన్నవారంతా పడవ చుట్టూ మూగారు. తీర్థం సీసా ఇంకా నిండుగానే ఉంది. సారు మూత అందుకొని, గోటితో పసుపు గీకాడు. పొర మీద పొర లేచింది. అడుగున సూది బెజ్జమంత రంధ్రం బయటపడింది.

"గాలి పొయ్యే తొవ్వ గిది. గాలి పోకుంటె పెట్రోలు కిందికి దిగదు. దీని ముక్కు మూసి, లేస్తలేదంటరేంది?"

అత్తమ్మ ఇసుకలో కూలబడింది. "అయ్యో... దీని ఊపిరి తీసింది నేనేనా?"

"ఊపిరి పోసింది గుడ నువ్వేనే, లే" అన్నాడు మామ. పడవ ఎక్కి, ఎడమచేత్తో మోటరు పిడి పట్టుకొని, మడుగంతా ఒక చుట్టు తిరిగి వచ్చాడు. మోటరు మల్లయ్యదేనని సారు ప్రకటించాడు. ఎడ్లబండి ఉత్తదే తిరిగిపోయింది. మామ కడదాకా ఆ పడవ మీదనే బతికాడు.

ఆ తరువాత మానేటి మీద ప్రాజెక్టు వచ్చింది. నీళ్లు నిండాయి. మామ ఊరు ఇప్పుడు ఆ నీళ్ల అడుగున ఉంది.

మొన్న వెళ్లి చూశాను. గడ అందనంత లోతు. కొత్త మోటరు పడవ ఒకటి సర్రున దూసుకుపోతున్నది... నా అంచనా ప్రకారం సరిగ్గా మామ ఇంటి మీదుగా.  అక్కడ ఒక్క నిమిషం ఆగుతుందేమోనని చూశాను... ఆగలేదు. ఇప్పటి మోటర్లు మునుపటిలా ఆగడం లేదు. ఆగితే కదా నలుగురం చుట్టూ చేరేది...

మీ ఇళ్లలో మొరాయించిన యంత్రాల చుట్టూ ఎవరెవరు మూగేవారో కింద రాయగలరు... వారిలో ఇప్పుడు లేనివారిని కూడా కలుపుకొని.