అరేత్ అంటే ఆగే గుర్రం

మొన్న మా వీధిలోకి మోటారుబండి వచ్చింది. రాజమండ్రి సగం ఊరు వెంటపడి మరీ చూసింది. నేనూ కొంగు సర్దుకుంటూ అరుగు మీదికి వెళ్లాను. అందరూ దాని చక్రాలూ బూరా చూస్తుంటే నా కళ్లు మాత్రం ముందు భాగాన తెల్లగా రాసిన నంబరు మీద పడ్డాయి. ఆ నంబరు కోసం ఏ కచేరీ గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డాడో అని, ఆ బండి గల ధనవంతుడి మీద జాలి కూడా కలిగింది. ఒకప్పుడు మా బతుకంతా అలాంటి నంబరు బిళ్ల మీదే ఆధారపడింది మరి.

మాది యానాం. మావారు అక్కడొక ఫ్రెంచి దొర దగ్గర బండి తోలేవారు. మా అత్తగారు ఆ ఇంట్లోనే వంట చేసేది. దొర స్వదేశం వెళ్లిపోతూ గుర్రాన్నీ బండినీ మాకే ఇచ్చేశాడు. రాజమండ్రికి రైలు వచ్చిన కొత్త, జట్కాలకి మంచి గిరాకీ అని విని, సామానంతా బండికెత్తుకుని వచ్చేశాం. పొలిమేరకి అటూ ఇటూ అవే కొబ్బరిచెట్లు, అదే గోదావరి. కానీ ఇటు ఇంగ్లీషువాళ్ల రాజ్యం. మునిసిపాలిటీ బిళ్ల లేకుండా జట్కా కిరాయికి కట్టకూడదట. పైగా పక్కింటి జట్కా ఆయన, "ఫ్రెంచివాళ్ల ఊరని చెప్పకండి, సవాలక్ష ప్రశ్నలేస్తారండి" అని భయపెట్టాడు. అంచేత మావారు కచేరీలో కాకినాడ పక్క అని చెప్పేశారు. నంబరు రాకపోతే గుర్రాన్ని అమ్ముకోవాలి. ఆ మాట ఎత్తితే చాలు, మా అత్తగారు అన్నం మానేసేది.

చిక్కల్లా గుర్రంతోనే వచ్చింది. దొరకి పగ్గాలు గుంజడం మొరటు పనిగా తోచేదట. నోటిమాటతోనే దానికి అన్నీ నేర్పాడు. "అలోఁ" అంటే కదిలేది, "అరేత్" అంటే ఆగేది. తెలుగులో ఎంత బతిమాలినా లక్ష్యపెట్టేది కాదు. పగ్గం బిగిస్తే బెదిరి ఇంకా జోరు పెంచేది.

నంబరిచ్చే ముందు బండి తోలించి చూసే పరీక్ష రోజున, మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరుగారు బండిలో మనుషులుండాలన్నారు. మనుషుల్ని ఎక్కడినుంచి తెస్తాం, నేనూ అత్తగారూ ఎక్కి కూర్చున్నాం. ఆయన గొడుగు పట్టుకుని గట్టు రోడ్డు మధ్య నిలబడి, తన ముందుకొచ్చి ఆపమన్నారు. బయలుదేరేటప్పుడు మావారు గుర్రం చెవిలో రహస్యంగా "అలోఁ" అన్నారు. తీరా దగ్గరికొచ్చాక "ఆగు! ఆగవే తల్లీ!" అంటున్నారు. అది ఆగదే! యానాం గుట్టు బయటపడుతుందని, నోటిదాకా వచ్చిన అసలు మాటని మావారు మింగేస్తున్నారు. ఎదురుగా గొడుగు వణుకుతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇక లాభం లేదని మా అత్తగారు కొడుకు భుజం మీదుగా తల పెట్టి "అరేత్!" అని కేకేసింది. మూతి గొడుగుకి తగిలేంత దగ్గర గుర్రం నిలబడిపోయింది.

"ఏమయ్యా, కాకినాడ గుర్రాలకి ఫ్రెంచి వస్తుందేంటి?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు చెమట తుడుచుకుంటూ.

 అత్తగారే అందుకుంది. "యానామేనండి బాబుగారూ. మావాడు భయపడి అబద్ధమాడాడండి. గుర్రానికి ఆ సంగతి తెలీదు కదండి."

ఆయన పకపకా నవ్వారు. "ఏ ఊరైతే నాకేంటమ్మా? రోడ్డు మీద జనం ఆగమంటే ఆగాలి. దానికి తెలుగు నేర్పి తీసుకురండి, నంబరిస్తాను."

ఆ వేసవంతా అదే పని. పాత మాట ఇంట్లో ఎవరూ అనకూడదని మావారు కట్టడి చేశారు. బెల్లంముక్క చూపించి "ఆగు" అనడం అత్తగారి వంతు. వానలు పడేనాటికి గుర్రానికి తెలుగు వచ్చింది, మాకు నంబరు వచ్చింది. ఆ బండి మీదే ఇల్లు గడిచింది, పిల్లలు పెరిగారు.

చాలా ఏళ్ల తర్వాత ఒక సాయంత్రం మావారు స్టేషనుకి బయలుదేరుతుంటే, అత్తగారు అరుగు మీంచి ముచ్చటపడి "అరేత్!" అంది. గుర్రం తలైనా తిప్పకుండా వీధి మలుపు తిరిగిపోయింది. ఆవిడ అటే చూస్తూ, "మర్చిపోయిందే అమ్మాయ్" అని నవ్వబోయి, కొంగుతో కళ్లొత్తుకుంది. నాకూ ఏడుపొచ్చింది. మేం యానాం వదిలి ఎంత కాలమైందో నాకు అప్పుడే తెలిసింది.