వాయుగుండంలో భావనపాడు నౌకావిహారం

భావనపాడు రేవు నుంచి అక్కుపల్లి వరకు సముద్రం మీద ప్రయాణించాలన్న కోరిక నా భార్య సువార్తమ్మది. ఇన్నేళ్లు ఈ తీరాన బతికి ఒక్కసారైనా పడవెక్కలేదని ఆమె బాధ. నేను ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన ఏడాది డిసెంబరులో, నా పూర్వ విద్యార్థి నూకయ్య తన మరబోటులో తీసుకువెళతానన్నాడు. ఆమె ఆ సంగతిని మా బాప్టిస్టు సంఘపు స్త్రీల కూటంలో ప్రకటించి, ఆదివారం ఆరాధనలో ఆ సముద్రయానంలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతానని కూడా మాటిచ్చింది. ఇక పడవెక్కకపోతే ఆమె పలాసలో తలెత్తుకు తిరగలేని పరిస్థితి. ఎక్కానని అబద్ధమాడడానికి నేను అంగీకరించను.

ఉదయం ఏడున్నరకు పలాసలో పాసింజరు ఎక్కి, ఇడ్లీ పొట్లాలు విప్పేసరికి వాన మొదలైంది. పూండి దాటాక కిటికీలు మూయవలసి వచ్చింది. ఎదుటి బల్ల మీది జీడిపప్పు వ్యాపారి, "ఈ వానలో ఎక్కడికండి?" అని అడిగాడు.

"నౌకావిహారానికి" అన్నాను.

ఆయన మా ఇద్దరినీ, మా ఒక్క గొడుగునూ మార్చి మార్చి చూశాడు.

నౌపడాలో దిగి, నీట మునిగిన ఉప్పుమడుల పక్కగా ఆటోలో భావనపాడు చేరాము. నూకయ్య ఎదురొచ్చాడు.

"ఏటి మేస్టారూ, నిజంగా ఒచ్చీసినారు? వాయుగుండమని రేడియోలో సెప్పినాడు కదా."

"వస్తానన్న రోజున వచ్చాను."

"మీరొచ్చినారు. సముద్రం ఒప్పుకోవాల గదా. ఈయేళ బోటు ఎల్లదు."

సువార్తమ్మ ముఖం వాడిపోయింది. కార్యక్రమం రద్దు కావడం నాకు గిట్టదు. కనుక ఊరు చూద్దామని నిర్ణయించాను. రేవు గట్టు వద్ద గొడుగు తిరగబడింది. అలల పుట్టుక గురించి నేను చెప్పిన విషయమంతా గాలికి పోయింది. చేపలు వేలం వేసే షెడ్డులో రెండు మేకలు తప్ప ఎవరూ లేరు. చివరకు ఒక పాక హోటల్లో చేపల పులుసుతో భోజనం దొరికింది. అది మాత్రం ప్రశస్తంగా ఉంది.

"ఏటమ్మా, తడవడానికి ఇంత దూరమొచ్చినారా? మీ ఊర్లో వాన పడదేటి?" అని హోటలామె నా భార్యను అడిగింది.

"పడవెక్కడానికి వచ్చానమ్మా" అన్నది సువార్తమ్మ, అన్నం కలపకుండా.

భోజనమయ్యేసరికి బయట కేకలు వినిపించాయి. అలలు బోట్లను అందుకుంటున్నాయి. వాటిని కొబ్బరితోటలోకి లాగాలి. బోటుకు కట్టిన లావుపాటి తాడు, మోకు, చాచినప్పుడు ఒడ్డున నిలబడ్డ ప్రతివాడూ చెయ్యి వేయాలన్నది అక్కడి ఆచారం. చుట్టమైనా, అధికారైనా మినహాయింపు లేదు. నేనూ బూట్లు విప్పి మోకు పట్టాను. అయితే ఆ లాగడంలో ఒక పద్ధతి కనిపించలేదు. "నేను మూడు అనగానే లాగాలి" అని ప్రకటించి లెక్క ప్రారంభించాను. సగం మంది నా మూడుకు లాగారు, సగం మంది తమ "ఐలేసా"కు లాగారు. బోటు కదలలేదు. నేను మాత్రం ఇసుకలో కూలబడ్డాను.

నూకయ్య తల్లి పైడమ్మ ఒక కర్ర ఊతంగా నిలబడి చూస్తోంది. "మేస్టారూ, మీ లెక్క ఆపండి, బోటు దానంతటదే ఎల్తాది" అన్నది.

అసలు చిక్కు వేరు. ఇంజను, వలలు దించేయడంతో తేలికైన బోటు, దొర్లించడానికి కింద పరిచిన దుంగలెక్కిన ప్రతిసారీ ముక్కు పైకెత్తుతోంది. ముందు భాగంలో బరువుగా ఎవరో ఒకరు కూర్చోవాలి. ఏటా పైడమ్మే కూర్చునేదట. ఆమెకు కాలు బెణికింది. ఆమె జనాన్నంతా పరికించి, చూపు నా భార్య మీద నిలిపింది.

"అమ్మా, నువ్వెక్కు. నువ్వైతే సరిగ్గా సరిపోతావు."

దాంపత్య జీవితంలో ఏనాడూ నేను ప్రస్తావించడానికి సాహసించని విషయమది. సువార్తమ్మకు కోపం రాలేదు. చెప్పులు విడిచి, కొంగు బిగించి, నలుగురు పట్టుకోగా ఎక్కి కూర్చున్నది. మోకు బిగిసింది. ముక్కు దిగింది. "ఐలేసా" అన్నారు. ఈసారి నేనూ అదే అన్నాను. వెనుక నుంచి ఒక అల బోటు మీద విరిగి ఆమెను నిలువునా తడిపింది. ఆమె రెండు చేతులతో అంచులు పట్టుకుని, తడిసిన ముఖంతో నవ్వుతూ, కొబ్బరిచెట్ల మధ్యకు వచ్చి ఆగింది.

"ఇంకో బోటుంది, కూకుంటావా?" అన్నది పైడమ్మ.

కూర్చున్నది. అన్ని బోట్లూ చేరేవరకు దిగలేదు.

సాయంత్రం నౌపడాలో తిరుగు పాసింజరు ఎక్కాము. పక్కనున్న ఒక ఆసుపత్రి నర్సమ్మ మా తడిబట్టలు చూసి సంగతి అడిగింది.

"భావనపాడులో పడవెక్కాను" అన్నది సువార్తమ్మ.

"ఈ గాలిలోనా? ఎంత దూరం ఎల్లినారు?"

సువార్తమ్మ నా వైపు చూసింది. ఆదివారపు సాక్ష్యమంతా నా మాట మీద ఆధారపడి ఉన్నదని నాకు అర్థమైంది. అడిగినది దూరం గనుక, దూరమే చెప్పాను.

"అలల దగ్గర నుంచి కొబ్బరితోట దాకా. ఒకసారి కాదు, చాలాసార్లు."

"మిమ్మల్ని దేవుడే ఒడ్డుకు సేర్సినాడు" అన్నది నర్సమ్మ.

ఒడ్డుకు చేర్చిన వారిలో నేనూ ఒకడినని చెప్పబోయాను. అప్పటికే సువార్తమ్మ కళ్లు మూసుకుని, "ఆమేన్" అన్నది.