ఇది మొదట ఎవరన్నారండీ?

ఏసోబు గారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరు ఏ మాటన్నా, "ఇది మొదట ఎవరన్నారండీ? ఏ సంవత్సరంలో?" అని అడుగుతారు. దీనికి మందు లేదు. నాలుగేళ్లుగా నేను ఆయనకు పాస్టరుని. నాకంటే బాగా ఈ సంగతి తెలిసినవాళ్లు లేరు.

తప్పు పూర్తిగా ఆయనది కాదు, ఉద్యోగానిది. మా ఊరి పక్కనున్న కోల్డ్ స్టోరేజీలో ముప్పై ఏళ్లుగా చీటీల గుమాస్తా. మిరప బస్తాల్ని మా వైపు టిక్కీలంటారు. లారీ దిగిన ప్రతి టిక్కీకీ ఆయన చీటీ కట్టాలి. రైతు పేరు, ఊరు, లాటు నెంబరు, సంవత్సరం. చీటీ లేని టిక్కీ లోపలికి పోదు, అది ఎంత పెద్దమనిషిదైనా సరే. ఆ అలవాటు ఆదివారం కూడా ఆయన వెంట చర్చికి వస్తుంది.

ఈ సంఘంలో నా మొదటి ప్రసంగం ఇంకా గుర్తే. "మన దేవుడు త్రియేక దేవుడు" అన్నానో లేదో, రెండో వరుసలో ఒక చెయ్యి లేచింది.

"అయ్యగారూ, త్రియేకం అనే మాట మొదట ఎవరన్నారండీ?"

ప్రసంగం మధ్యలో పాస్టరుని ప్రశ్నలడగొచ్చని నాకు ఏ సెమినరీలోనూ చెప్పలేదు. "సంఘ పితరులు" అన్నాను.

"ఏ ఊరాయన?"

"రోమ్" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు, నోటికొచ్చింది.

"సంవత్సరం?"

"ప్రార్థన చేసుకుందాం" అన్నాను.

ఆయన బారి నుంచి తప్పించుకోవాలని, సెమినరీలో నాకు పాఠం చెప్పిన ఒక ప్రొఫెసరు గారి ఫోన్ నెంబరు ఇచ్చాను. నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పుల్లో అదొకటి. పది రోజుల తర్వాత నా చేతిలో ఒక చీటీ పెట్టారు. నిజంగానే టిక్కీకి కట్టే చీటీ. "గ్రీకు మాట: అంతియొకయ, రెండో శతాబ్దం. లాటిన్ మాట: కార్తేజి, మూడో శతాబ్దం. రోమ్ కాదు. మీ సరుకు వేరే లాటులో కలిసింది, సరిచూసుకోగలరు."

అక్కడి నుంచి ఆయనకు పండితుల రుచి తగిలింది. ఒక ప్రొఫెసరు దగ్గర ఇంకొకరి నెంబరు, ఆయన దగ్గర మరొకరిది. జవాబుకో కిలో తేజ రకం మిరప కారం కొరియర్లో పంపేవారు. ఊరికే చెప్పించుకోవడం ఆయనకు నచ్చదు. డిసెంబరు ఇరవై అయిదు ఎవరు పెట్టారు, పాస్టరుకి తెల్ల అంగీ ఎవరు తొడిగారు, నీళ్లు చల్లడమా ముంచడమా అనే తగువు ఏ ఊళ్లో మొదలైంది, ఇలా రెండు వేల ఏళ్ల వేదాంతాన్ని వరసబెట్టి లారీలోంచి దించడం మొదలుపెట్టారు.

ఒకరోజు సెమినరీ ప్రిన్సిపాల్ గారే నాకు ఫోన్ చేశారు.

"మార్క్, మీ ఊళ్లో ఏసోబని ఎవరైనా పీహెచ్‌డీ చేస్తున్నారా?"

"లేదండీ, కోల్డ్ స్టోరేజీలో చీటీలు కడతారండీ."

"ఆయన దెబ్బకి మా వాళ్లు ఇద్దరు నెంబర్లు మార్చేశారయ్యా!"

"ఫోన్లు చెయ్యొద్దని చెప్పమంటారా సార్?"

"వద్దులే. ఆ కారం బాగుంటోంది" అన్నారు.

ఈ ఫోన్లన్నీ మా ఇంటి వరండాలోనే. స్పీకర్ పెట్టి మాట్లాడేవారు, అయ్యగారికి కూడా నాలుగు ముక్కలు తెలుస్తాయని. కానీ ఎవరితో మాట్లాడినా చివర్లో, "ఆఖరి ప్రశ్న ఒకటుందండీ" అని స్పీకర్ ఆపేసి, ఫోన్ చెవికి ఆనించుకుని వీధిలోకి వెళ్లిపోయేవారు. తిరిగొచ్చి ఎర్ర అట్ట నోటుపుస్తకంలో ఏదో రాసుకునేవారు. కారం పంపడానికి అడ్రసు కాబోలు అనుకునేవాణ్ణి.

డాక్టర్ ఇమ్మానియేలు గారి ముచ్చట చెప్పకపోతే పాపం తగులుతుంది. సంఘ చరిత్రలో మహా పండితుడు. మే నెలలో మా సభలకు వచ్చారు. ఎండ నలభై అయిదు దాటింది. ఏసోబు గారు ఆయన్ని చూసి జాలిపడి, "రండి సార్, చల్లగా కూర్చుని మాట్లాడుకుందాం" అని కోల్డ్ స్టోరేజీ గదిలోకి తీసుకెళ్లారు. చల్లదనం తెలిసిన మనిషి కాబట్టి తాను స్వెట్టరు వేసుకున్నారు. డాక్టరు గారిది పల్చటి కాటన్ చొక్కా. నాదీ అంతే. చుట్టూ కప్పుదాకా మిరప టిక్కీలు.

"నైసియా సభలో గొడవ దేని మీదండీ?"

"కుమారుడు... తండ్రితో సమాన... హాచ్!"

"నిదానంగా చెప్పండి సార్. సంవత్సరం?"

"మూడొందల ఇరవై... హాచ్!"

"మూడొందల ఇరవయ్యాండీ?"

"అయిదు! అయిదు!" ఆయన పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఏసోబు గారూ, ఆ సభలో ఓడిపోయినవాళ్ల వాదం కూడా ఒప్పుకుంటాను, తలుపు తియ్యండి."

"తీస్తానండీ, ఆఖరి ప్రశ్న ఒకటుంది. అయ్యగారూ, మీరెళ్లి టీ చెప్పండి."

నేను బతుకు జీవుడా అని బయటపడ్డాను. అయిదు నిమిషాల తర్వాత డాక్టరు గారు కళ్లు తుడుచుకుంటూ వచ్చారు. మిరప ఘాటు అలాంటిది మరి, అనుకున్నాను.

పోయిన వానాకాలంలో మా సమాధుల తోట ప్రహరీ కూలింది. కొత్త గోడ ఎలా కట్టాలో తేల్చడానికి సంఘ పెద్దలం కూర్చున్నాం. అధ్యక్షులు ప్రభుదాసు మాస్టారు రిటైరైన లెక్కల మాస్టారు. స్కేలు పెట్టి తిన్నగా గీత గీశారు. గోడ ఆ గీత మీద, గోడ బయట ట్రాక్టర్లు తిరిగే రోడ్డు.

ఆ రోడ్డు పడే చోట, పాత గోడకు అవతల, మూడు రాళ్లు పెట్టిన చిన్న దిబ్బ ఒకటుంది. అది ప్రేమమ్మ గారి బిడ్డది. ఆమె ఏసోబు గారి కోల్డ్ స్టోరేజీ షెడ్డులోనే మిరపకాయల తొడిమలు తీస్తుంది, ఆయన అక్కా అని పిలుస్తారు. నలభై రెండేళ్ల కిందట తొలిచూలు ఆడపిల్ల తొమ్మిదో రోజున పోయింది. ఇంకా బాప్తిస్మం ఇవ్వలేదు. బాప్తిస్మం లేని బిడ్డకు లోపల చోటు లేదన్నారట అప్పటి పెద్దలు. ఏటా సమాధుల పండక్కి అందరూ తమవాళ్ల సమాధులకు పిడుగురాళ్ల సున్నం వేసి కొవ్వొత్తులు పెడతారు. ప్రేమమ్మ గారు గోడ బయట ఒకటి వెలిగించి, గాలికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది.

ఏసోబు గారు లేచారు. "గోడని అక్కడ నాలుగు గజాలు బయటికి వంచాలండీ."

"పాపం నిజమేనయ్యా, కానీ ఆచారం అలా ఉంది" అన్నారు మాస్టారు. "బాప్తిస్మం లేని బిడ్డని లోపల పెట్టకూడదు."

"ఇది మొదట ఎవరన్నారండీ?"

అందరం గొల్లున నవ్వాం. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు, ఎర్ర అట్ట పుస్తకం తీశారు.

"పదకొండు మంది పండితుల్ని అడిగానండీ. ఏ ఇద్దరికీ ఏ మాటా కుదరదు గానీ ఈ ఒక్కదాంట్లో అందరిదీ ఒకటే మాట, ఇది బైబిల్లో లేదు, మనుషులు పెట్టిందేనని. అలాంటి బిడ్డలకి మోక్షం లేదని ఐదో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో ఒక బిషపు గారు గట్టిగా వాదించారట. తూర్పు సంఘాలవాళ్లు ఆ సరుకు దించుకోనే లేదు. తర్వాత పండితులకే మనసొప్పక, నరకానికి వరండా లాంటిది ఒకటి కట్టి పిల్లల్ని అందులో కూర్చోబెట్టారు. పదిహేను వందల నలభై రెండులో జర్మనీలో మన సంస్కరణ పెద్దాయన, ఆ తల్లుల నిట్టూర్పే ప్రార్థన, దేవుడు వింటాడు, దిగులుపడొద్దని రాశాడు. అన్నిటికీ ఊరూ పేరూ ఉన్నాయండీ. మన ఊళ్లో ఎవరన్నారో మాత్రం మినిట్స్ పుస్తకాల్లో ఎక్కడా లేదు. చీటీ లేని సరుకు ఇది."

అంటే ఆ ఆఖరి ప్రశ్న ఇదన్నమాట. ప్రేమమ్మ గారి పేరు నలుగురి నోళ్లలో పడకూడదని వీధిలోకి వెళ్లి అడిగిందీ ఇదే. మిగతా ప్రశ్నలన్నీ దీనికి దారి చేసుకోవడానికే. మూడేళ్లపాటు నవ్వుకున్నందుకు నాకు సిగ్గేసింది.

కానీ మాస్టారు లెక్కల మనిషి, అంత తేలిగ్గా వదలరు. "బాగానే ఉందోయ్ ఏసోబూ. చీటీ లేని టిక్కీని నువ్వే లోపలికి రానివ్వవు కదా. మరి ఆ బిడ్డకి చీటీ ఏది?"

అందరం ఏసోబు గారి వైపు తిరిగాం.

ఏసోబు గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"రానివ్వనండీ. కానీ రైతు టిక్కీ పక్కనే నిలబడి, ఇది నాది అన్నాడనుకోండి, అప్పుడు చీటీ నేనే రాస్తాను. ముప్పై ఏళ్లుగా రాస్తున్నాను. ఆ బిడ్డ పక్కన దేవుడు నిలబడి నాది అంటుంటే, ఆయన్ని చీటీ అడుగుతామా మాస్టారూ?"

మాస్టారు చాలాసేపు స్కేలు వంక చూశారు. తర్వాత మెల్లగా, "ఇది మొదట ఎవరన్నారు?" అని అడిగారు.

ఏసోబు గారు తడబడ్డారు. పుస్తకం తిరగేశారు. "ఇదండీ... ఇది నేనే అన్నానండీ."

"ఏ సంవత్సరంలో?"

"ఇప్పుడేనండీ."

మాస్టారు నవ్వి, గీత చెరిపి, వంకర గీత గీశారు.

ఈ ఏడు సమాధుల పండక్కి నేను సాయంత్రం తోటకు వెళ్లేసరికి, గోడ వంపులో మూడు రాళ్లకు తెల్లగా సున్నం వేసి ఉంది. రాయికి ఒక టిక్కీ చీటీ కట్టి ఉంది. రైతు పేరు రాసే చోట "దేవుడు" అని ఏసోబు గారి చేతిరాత. లాటు నెంబరు దగ్గర ఖాళీ వదిలేశారు. నాకు తెలిసి ఆయన ఖాళీ వదిలిన చీటీ అదొక్కటే.

ప్రేమమ్మ గారు కొవ్వొత్తి చేతిలో పట్టుకుని, వెలిగించకుండా ఆయన వంక చూసింది. కొత్త గోడ వెనకాల గాలి లేదు.

"ఒరేయ్ ఏసోబూ, సమాధి మీద దీపం పెట్టాలని మొదట ఎవరన్నార్రా?"

నేను చెవులు రిక్కించాను. ఈయన దగ్గర దీనికి ఊరూ, పేరూ, శతాబ్దం తప్పకుండా ఉంటాయి. ఏసోబు గారు జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఆమెకిచ్చారు.

"ఎవరో ఒకరు అన్నార్లే అక్కా. ముందు నువ్వు వెలిగించు."