మా ఆవిడ మొహానికి నా వైద్యం

ఎనభైల్లో నేను నరసరావుపేట కోర్టు ఎదురుగా టైపు మిషను పెట్టుకుని కూర్చునేవాణ్ణి. అర్జీలు, అఫిడవిట్లు కొట్టడం పైకి కనిపించే పని. అసలు పని జనం చర్మాలు చూడటం. పల్నాడు మొత్తంలో ఎవరి చర్మం ఏ రకమో చెప్పగలిగిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. మాచర్ల నుంచి, గురజాల నుంచి వాయిదాలకొచ్చినవాళ్ళు కేసు సంగతి పక్కనబెట్టి ముందు నా దగ్గర మొహం చాపేవాళ్ళు. ప్లీడర్లు క్యూ కట్టేవాళ్ళు.

సరే, క్యూ అనేది కాస్త ఎక్కువే. మొత్తం ముగ్గురొచ్చారు. అందులో ఒకాయన స్టాంపు పేపర్లు ఎక్కడమ్ముతారో అడగడానికి వచ్చాడు. నేనే పట్టుకుని ఆయన నుదుటి మీద కాగితం అద్దాను.

నా విద్యకి మూలం ఒక పకోడీ పొట్లం. పకోడీలు తినేశాక పొట్లం విప్పితే, ఏదో వారపత్రిక కాగితం. చర్మం జిడ్డుది, పొడిది, రెండూ కలిసిందీ ఉంటాయని, పల్చటి కాగితం మొహానికి అద్దిచూస్తే తెలిసిపోతుందని రాశారు. పల్చటి కాగితానికి నాకేం కొదవ? కార్బన్ కింద పెట్టే మానిఫోల్డు కాగితాలు దస్తాలకి దస్తాలున్నాయి. కాకపోతే కాగితం అద్దేముందు ఏం చెయ్యాలో చెప్పిన నాలుగు లైన్లూ పకోడీ నూనెలో మునిగి, వెనక పేజీ అక్షరాలు ముందుకొచ్చి కలగాపులగం అయ్యాయి. నాలుగు లైన్లే గదా, పోతే పోయాయి అనుకున్నాను.

అప్పటికి మాకు పెళ్ళయి రెండేళ్ళు. మా ఆవిడ టీచరు ట్రైనింగు పాసై వచ్చింది. రెండు స్కూళ్ళవాళ్ళు చూసి, తర్వాత చెబుతామని పంపించేశారు. మూడోది ఊళ్ళోనే ఉన్న ప్రైవేటు స్కూలు. పదిహేను రోజులు పోయాక వచ్చే సోమవారం నాడు పదింటికి వచ్చి, పిల్లలకి పాఠం చెప్పి చూపించమని కార్డు రాశారు.

"ఇదీ పోతే ఇంక అడగనండీ, మా ఊరెళ్ళి మిరపకాయలు కోసుకుంటా" అంది. నవ్వుతూనే అంది గానీ, కార్డుని మాత్రం దేవుడి పటం వెనక దాచింది.

ఆమె బెంగంతా మొహం గురించి. చెంపల మీద తెల్లగా పొట్టు లేస్తోంది. "చూసి పిల్లలు జడుసుకోరు గదా?" అని అడిగింది. తలకి కొబ్బరినూనె రాసుకుని జడేసుకుంటోంది అప్పుడు. నేను జేబులోంచి కాగితం తీసి నుదుటికి అద్దాను. కాగితం అద్దంలా అయిపోయింది. అవతల గోడ మీది బల్లి కూడా కనిపించింది.

"ఏమే, నీది కరుడుగట్టిన జిడ్డు చర్మం."

"పొట్టు లేస్తుంటే జిడ్డేందండీ?"

"లోపల జిడ్డు చానా ఎక్కువై పొంగుతోంది. అదీ సంగతి."

నేను అంత ధీమాగా చెబితే పాపం నమ్మింది. రోజుకి అయిదుసార్లు సబ్బుతో కడగమన్నాను. అసలే మా ఊరి ఎండాకాలం. పదిరోజులకల్లా ఆమె చెంపలు వానల్లేని రేగడి చేనులా అయ్యాయి. నవ్వితే ఎక్కడ చిరుగుతుందోనని మూతి బిగించుకుని తిరిగేది. వైద్యం తప్పని నాకు తోచలేదు. మందు చాలలేదనుకున్నాను.

అందుకని సున్నిపిండి. పెసలు, శనగలు, బావంచాలు, కచ్చూరాలు, ఎండబెట్టిన నారింజ తొక్కలు, పసుపు కొమ్ములు అన్నీ గిన్నెకెత్తుకుని ఆదివారం సాయంత్రం పిండిమిల్లుకెళ్ళాను. అప్పుడు ఊరంతా ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే రోజులు. పిండిమర బెల్టు తెగి ఆగిపోయింది, కారం మర ఒక్కటే తిరుగుతోంది.

సున్నిపిండి పట్టించి తెచ్చాను. దారి పొడుగునా తుమ్ములే. జలుబు చేసిందనుకున్నాను. సోమవారం పొద్దున నా చేతుల్తో నేనే పెరుగులో కలిపి ఆమె చెంపలకి పట్టించాను. పసుపు వేశాను గదా, రంగు తేడా తెలియలేదు.

క్షణం గడిచిందో లేదో, కేక!

"మంటండీ! మొహం మండిపోతోంది!"

నేను చెంబుడు నీళ్ళు ఎత్తాను. పక్కవాటాలో ఉండే పిన్నమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆవిడ మిర్చి కొట్టాల్లో కాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. వాసన చూసి నా చెయ్యి పట్టేసుకుంది.

"నీళ్ళు పొయ్యమాక! కారం నీళ్ళకి పోద్దంట్రా? నూనె పుయ్యాల! మేం రోజూ చేతులకి చేసేది అదే. ఇంట్లో వెన్న ఉందా?"

లేదు. నేను వెన్న కోసం వీధిన పడ్డాను. వచ్చేసరికి పిన్నమ్మ నూనె గుడ్డతో తుడిచేసి, చల్లటి మజ్జిగ పట్టిస్తోంది. కళ్ళల్లోకి పోలేదు, అదే నా అదృష్టం. మంట తగ్గింది గానీ ఎరుపు తగ్గలేదు. మొహం మీద రెండు మందారాలు పూసినట్టుంది. టైము తొమ్మిదిన్నర.

"ఇంకోరోజు వస్తామని చెప్పొస్తా" అన్నాను.

"మీరేం చెప్పబాకండి" అంది. మొహానికి కాస్త వెన్న రాసుకుని, ఇంట్లో నా బల్ల మీది మానిఫోల్డు కాగితాలు గుప్పెడు సంచిలో కుక్కుకుని, రిక్షా ఎక్కింది.

తర్వాత జరిగింది ఆమె చెబితే విన్నదే. పెద్ద పంతులమ్మ ఎగాదిగా చూసి, "ఏమ్మా, ఏడ్చావా?" అందట.

"లేదండీ, మా ఆయన కారం పూశాడు."

"పోలీసులకి చెప్పావా?"

"లేదండీ, ప్రేమగానే పూశాడు."

నాలుగో తరగతికి పంపారు. పిల్లలు మొహం చూసి కిసకిసలాడారట. ఈవిడ పుస్తకం మూసేసి, "నా మొహం ఎందుకిట్టా ఉందో చెప్పుకోండి" అని మొదలుపెట్టింది. అందరినీ ఉత్త నీళ్ళతో మొహం కడుక్కు రమ్మంది, ఆరేదాకా లెక్కలు చెప్పించింది, అప్పుడు తలా ఓ కాగితం ముక్క ఇచ్చి ముక్కుకొకసారి, చెంపకొకసారి అద్దమంది. ముక్కు దగ్గర మరక, చెంప దగ్గర ఏమీ లేదు. ఒక్క మొహంలోనే రెండు రకాలు! పిల్లలు గంట కొట్టినా లేవలేదట. మర్నాడే వచ్చి చేరమన్నారు.

"కడిగి, ఆగి, అప్పుడు అద్దాలని నీకెవరు చెప్పారే?" అని అడిగాను.

"మీ పకోడీ కాగితమే. మీరు వెన్నకి పోయినప్పుడు వెలుతుర్లో పెట్టి కూడబలుక్కుని చదివా. నాది పొడి చర్మం. సబ్బు తగ్గించి, తడి ఆరకముందే చుక్క కొబ్బరినూనె రాసుకుంటే చాలు."

ఆ కారం గొడవ గురించి ఎవరడిగినా, తప్పు మిల్లాయనదేనని చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. ఆ రోజు మిల్లాయన, "ఒరే అబ్బాయ్, మరకి కారం పట్టి ఉంది. ఇంటికెళ్ళి రెండు గిద్దెల నూకలు పట్టుకురా, ముందవి ఆడించి పారబోద్దాం, లేదంటే రేపు రా" అని స్పష్టంగా చెప్పాడు. అంత దూరం మళ్ళీ ఎవడు నడుస్తాడని, "కడుపులోకి పోయేది కాదులే మావా, కానీయ్" అన్నది నేనే.

ఇప్పుడు నా పిక్కలు నాపరాళ్ళలా గరుకుబారాయి. స్నానం కాగానే ఆమే నూనె రాస్తుంది. మొన్న అట్టా రాస్తుంటే ఉండబట్టలేక నూకల సంగతి చెప్పేశాను.

"తెలుసు. చేరిన వారానికే తెలిసింది. మిల్లాయన కూతురు నా క్లాసే."

"మరి ఇన్నేళ్ళూ అడగలేదేందే?"

"మీ అంతట మీరు ఎప్పుడు చెబుతారో చూద్దామని" అంది. "తడి ఆరిపోతోంది, రెండో కాలు చాపండి."